గిటార్ ముందు మైక్ ఎక్కడ? ఒక పాట కోసం రాసుకున్న రికార్డింగ్ డైరీ

అనుకున్న పని

మా బావ ఒక పాట కట్టాడు. మేనకోడలు పాడుతుంది, బావ గిటార్ వాయిస్తాడు. ఇంకే వాద్యమూ లేదు. తాళానికి డోలక్ పెడదామంటే తండ్రీకూతుళ్లిద్దరూ వద్దన్నారు. ఒక్క వాద్యమే ఉన్న పాటలో దాని శబ్దంలో ఏ లోటున్నా చెవికి ఇట్టే దొరికిపోతుంది. అందుకే పాట జోలికి పోకముందే గిటార్ ఒక్కదాన్నీ పట్టుకుని ఏ మైక్, ఎంత దూరం, ఏ వైపు నుంచి అన్నది తేల్చుకోవాలనుకున్నాను. ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

సామాను సంగతి. గిటార్ యమహా ఎఫ్‌జీ800, కొత్త ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు. మైకుల్లో షూర్ ఎస్‌ఎం57, ఆడియో-టెక్నికా ఏటీ2020 నావే. రోడ్ ఎన్‌టీ5 జత ఒక స్నేహితుణ్ని అడిగి తెచ్చాను. ఇంటర్‌ఫేస్, అంటే మైకుల్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, కాబట్టి ఒకేసారి రెండు మైకులే. అంతా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో. ఎంత గట్టిగా వాయించినా పీక్స్ (శబ్దం ఎగిసే శిఖరాలు) మైనస్ 12 డీబీ (డెసిబెల్, మోత కొలత; రికార్డింగ్‌లో సున్నాయే గరిష్ఠం) దగ్గర ఆగేలా గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని పెంచే మోతాదు, పెట్టాను. 24 బిట్‌లో అంతకన్నా పైకి ఎక్కించాల్సిన పనే లేదు.

శనివారం రాత్రి: ముందు గది

మాది మల్కాజ్‌గిరిలో అపార్ట్‌మెంట్. రైలు కూత తప్పదు, బోరు మోటారు తప్పదు. పది దాటాక రెండూ కాస్త నెమ్మదిస్తాయి, రికార్డింగ్ అప్పుడే. ఫ్యాను ఆపేసి, ఫ్రిజ్ స్విచ్ తీసేసి, తలుపు కింద తువ్వాలు కుక్కాం.

గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12, ఎత్తు కూడా 10. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే గిటార్ శబ్దంలో సగం గోల ఇక్కడే ఉంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తిరిగి కొన్ని స్వరాల్ని పెంచేస్తుంది. 10 అడుగుల మధ్య అలా పెరిగే మొదటి స్వరం దాదాపు 56 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు కంపించేది), రెండోది 112. గిటార్ ఐదో తీగ, అంటే ఏ తీగ, విడిగా మీటితే 110 హెర్ట్జ్. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో ఆ 112 రెండు దిక్కుల నుంచీ వచ్చి పడుతోంది. బావ గది నడిమధ్యలో కూర్చుని 'ఏ మైనర్' కార్డు మీటాడు. ఆ ఒక్క తీగ మిగతా ఐదింటినీ మింగేసింది. 112 హెర్ట్జ్ అలకు గది నడుమన, గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ. వెడల్పులో పావు వంతు దగ్గర దాదాపు శూన్యం. అందుకని మైక్‌ను ఒక గోడకు రెండున్నర అడుగుల దూరానికి జరిపాను. బావ ఆ గోడ వైపు తిరిగి మైక్ ముందు కూర్చున్నాడు. ఆ ఐదో తీగ ఒక్కసారిగా తన హద్దులోకి వచ్చింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు, కుర్చీ జరపడమే.

తర్వాత బొంతలు. మైక్ కార్డియాయిడ్, అంటే ముందు వైపు శబ్దాన్ని తీసుకుని వెనక వైపు దాన్ని బాగా తగ్గిస్తుంది. కనుక మైక్ ముఖం ఎటుందో, అంటే వాయించేవాడి వెనక ఏముందో అదే ముఖ్యం. బావ వీపు వెనక తాడు కట్టి రెండు మందపాటి బొంతలు వేలాడదీశాం. గోడల మధ్య టకటకమనే చిన్న ప్రతిధ్వని పోయింది. బొంతలు పై స్వరాలకే పనిచేస్తాయని గుర్తుంచుకోవాలి. 110 హెర్ట్జ్ అల పొడవే మూడు మీటర్లకు పైన ఉంటుంది, దాన్ని నాలుగంగుళాల దూదితో ఆపలేం. అతికించే పల్చటి ఫోమ్ ముక్కలతో అసలే ఆపలేం. గోడ నిండా ఫోమ్ అంటించిన గదుల్లో గిటార్ మొద్దుగా, బొంగురుగా వినిపించేది అందుకే. పై స్వరాలు పోయి కింది గోల మాత్రం మిగిలిపోతుంది.

ఆదివారం: పోల్చే పద్ధతి

రెండు టేకులు (ఒక్కోసారి వాయించి తీసిన రికార్డింగులు) పక్కపక్కన పెట్టి మైకుల్ని పోలిస్తే నిజం తెలియదు. ఎంత నిలకడగల చేయి అయినా ఒకే ముక్కను రెండుసార్లు ఒకేలా మీటదు. మనం మైక్ తేడా అనుకునేది చాలాసార్లు మీటులో తేడా. అందుకే ఒక మైక్‌ను (ఎన్‌టీ5 జతలో ఒకటి) ఒక చోట కదలకుండా పాతేశాను. రెండోదే జరుపుతాను. కదలని మైక్‌లో రెండు టేకులు ఒకేలా వినిపిస్తేనే, జరిగిన మైక్‌లో విన్న తేడాను చోటు తేడాగా లెక్కేస్తాను. అది కుదరకపోతే ఆ టేకు పక్కన పెట్టేస్తాను. పని రెట్టింపవుతుంది కానీ నమ్మకం కుదురుతుంది.

ఇంకొకటి, వినేటప్పుడు అన్నీ ఒకే మోత స్థాయికి తెచ్చాను. ఒక్క డీబీ ఎక్కువున్నా చెవి దాన్నే "బాగుంది" అంటుంది. ఎస్‌ఎం57 సెన్సిటివిటీ, అంటే ఒకే శబ్దానికి మైక్ ఇచ్చే వోల్టేజ్, పాస్కల్‌కు (శబ్దపు ఒత్తిడి కొలత) దాదాపు 1.6 మిల్లీవోల్టులు, ఏటీ2020ది 14. తొమ్మిది రెట్లకు దగ్గర, అంటే దాదాపు 19 డీబీ తేడా. గెయిన్ సరిచేయకుండా ఈ రెంటినీ పోలిస్తే ఏది గెలుస్తుందో ముందే చెప్పొచ్చు, అది నాణ్యత గురించి ఏమీ చెప్పదు.

మైక్ జరిపేముందు చేసిన పని ఇది: ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవితో గిటార్ ముందు వంగి, బావ వాయిస్తుండగా మెల్లగా అటూ ఇటూ కదిలాను. మేనకోడలు నవ్వింది. "మామయ్యా, నేనూ వింటా" అని తనూ వంగింది. చెవికి బాగున్న చోటు నుంచే మైక్ వెతుకులాట మొదలుపెట్టాలి. అక్కడే ఆగిపోకూడదు, చెవి దిక్కుల్ని విడదీసి వింటుంది, మైక్ విడదీయదు.

మరుసటి శనివారం: చోట్లు

ఈ రాత్రి నేర్చుకున్నది మిగతా డైరీ మొత్తానికీ పునాది.

గిటార్ శబ్దం ఒక చోట నుంచి రాదు. పెట్టెలోని గాలి, పై పలక, తీగలు, వీపు, మెడ అన్నీ వేర్వేరుగా మోగుతాయి. మనం దూరం నుంచి వినేది వాటి కలయిక. మైక్ దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ కలయిక విడిపోయి ఒక భాగమే పెద్దదవుతుంది.

ముందు సౌండ్ హోల్‌కు సూటిగా, జానెడు దూరంలో. అందరికీ తోచేది ఇదే, శబ్దం ఆ రంధ్రంలోంచే వస్తుందనుకుంటాం కాబట్టి. ఆ రంధ్రం, లోపలి గాలి కలిసి ఒక నిర్ణీత స్వరంలో ఊగుతాయి, ఇలాంటి పెద్ద పెట్టె గిటార్లలో అది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. జి, ఏ స్వరాలు మీటినప్పుడల్లా ఒక దుమ్ము దుమ్ముమనే మోత. దీనికి తోడు కార్డియాయిడ్ మైకులకు సాధారణంగా ఉండే గుణం, దగ్గరికి వెళ్లేకొద్దీ కింది స్వరాలు ఉబ్బడం. రెండూ కలిస్తే ఏ ఈక్యూతోనూ (స్వరాల్ని విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం) శుభ్రం చేయలేని శబ్దం వస్తుంది. మైక్‌ను మూరెడు వెనక్కి తీస్తే సగం తగ్గింది, పూర్తిగా కాదు.

తర్వాత బ్రిడ్జి (పెట్టె మీద తీగల్ని బిగించే చెక్క ముక్క) వైపు. పై పలక ఎక్కువగా ఊగేది ఇక్కడే. చెక్క వాసన తెలిసేంత నిండైన, మధ్య స్వరాల శబ్దం. ఒంటరిగా వింటే కాస్త ముక్కుతో పలికినట్టుంటుంది. వేళ్లతో మీటే నెమ్మది ముక్కకు నాకు నచ్చింది. పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) వాయిస్తే మాత్రం కుడి చేయి అడ్డొచ్చి ప్రతి మీటుకూ రంగు మారుతోంది.

పన్నెండో ఫ్రెట్‌కు (ఫ్రెట్లంటే మెడ మీది అడ్డ లోహపు గీతలు) ఎదురుగా, 30 సెంటీమీటర్లు. ఈ గిటార్ మెడ పద్నాలుగో ఫ్రెట్ దగ్గర పెట్టెలో కలుస్తుంది, కాబట్టి మైక్ పెట్టె అంచుకు కాస్త ఇవతల ఉంటుంది. రంధ్రంలోంచి ఎగదన్నే గాలి సూటిగా తగలదు, తీగల మెరుపు అందుతుంది, పెట్టె నిండుదనం పక్క నుంచి వస్తుంది. మైక్‌ను మెడకు నిటారుగా చూపిస్తే వేళ్లు జారే కీచుమనే శబ్దం ఎక్కువైంది. ముఖాన్ని రంధ్రం వైపు కొద్దిగా, పదిహేను ఇరవై డిగ్రీలు తిప్పగానే కీచు వెనక్కి వెళ్లింది, ఒళ్లు వచ్చింది. చోటు మార్చలేదు, ముఖం తిప్పడమే. "ఇదిగో, ఇదే నా గిటార్" అన్నాడు బావ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

వాయించేవాడి కుడి భుజం మీదుగా, చెవి పక్క నుంచి కిందికి చూసేలా పెట్టింది నాకు అనుకోని చోటు. గోల లేదు, కీచు తక్కువ, వాయించేవాడు రోజూ వినే గిటార్ అది. ఊపిరి శబ్దం వస్తుంది, జలుబున్న రోజు కుదరదు. కానీ గది బాగాలేని వాళ్లు ఒకసారి తప్పక చూడాల్సిన చోటు.

ఇక దూరం. మూరెడు దాటి రెండు మూరలకు వెళ్తే గిటార్ కలయిక అద్భుతంగా ఉంటుంది, మా గది మాత్రం చెడ్డది. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డీబీ తగ్గుతుంది, గది ప్రతిధ్వని దాదాపు అంతే ఉంటుంది. మంచి హాలు ఉన్నవాళ్లు ఒక మీటరు దాకా వెళ్లాలి. మాకు 30 నుంచి 35 సెంటీమీటర్లే హద్దు.

అదే రాత్రి, పొద్దుపోయాక: మైకులు

ఇప్పుడు ఒకే చోట, పన్నెండో ఫ్రెట్ ముందు, మూడు మైకులూ వంతులవారీగా.

ఎన్‌టీ5 చిన్న డయాఫ్రం (శబ్దానికి కదిలే పల్చటి పొర) ఉన్న కండెన్సర్, అంటే కరెంటు అందిస్తేనే పనిచేసే సున్నితమైన మైక్. మీటు మొదలయ్యే క్షణాన్ని చక్కగా పట్టింది. పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని కూడా రంగు మార్చకుండా తీసుకోవడం చిన్న డయాఫ్రంకు ఉన్న మేలు. గిటార్ లాంటి వెడల్పైన వాద్యం ముందు ఇది నిజంగా పనికొచ్చే గుణం, ఎందుకంటే వాద్యంలో సగం మైక్‌కు పక్కనే ఉంటుంది. ఏటీ2020 పై స్వరాల్లో కాస్త గరుకు, మధ్యలో కాస్త నిండు. దీని సొంత రొద 20 డీబీ, ఎన్‌టీ5ది 16. నెమ్మదిగా వేళ్లతో మీటే చోట ఆ నాలుగు డీబీల తేడా వినిపించింది, పిక్‌తో వాయిస్తే ఊసే లేదు.

ఎస్‌ఎం57 డైనమిక్, అంటే అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే మైక్. 1965లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. అమెరికా అధ్యక్షుల ప్రసంగ వేదిక మీద ఏళ్ల తరబడి కనిపిస్తున్నది కూడా ఇదే. అకూస్టిక్ గిటార్‌కు ఇది పనికిరాదని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. 30 సెంటీమీటర్ల దూరంలో దీని కింది స్వరాలు 200 హెర్ట్జ్ నుంచే సన్నగిల్లుతాయి, 10 కిలోహెర్ట్జ్ పైన మెరుపు ఉండదు, 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఎత్తు. ఒంటరిగా వింటే చిన్న రేడియోలో విన్న గిటార్‌లా ఉంది. దాన్ని పక్కన పెట్టేయకుండా ఆ టేకుకు గుర్తు పెట్టి ఉంచాను. గెయిన్ బాగా పెంచాల్సి వచ్చింది, ఇంటర్‌ఫేస్ రొద కొంచెం పైకి తేలింది.

నా తీర్పు ఇక్కడే రాసేస్తాను. రెండు కండెన్సర్ల (ఎన్‌టీ5, ఏటీ2020) మధ్య, ఒకే చోట పెట్టినప్పుడు విన్న తేడా కన్నా, ఒకే మైక్‌ను బెత్తెడు జరిపినప్పుడు విన్న తేడా పెద్దది. మైక్ కోసం డబ్బు కూడబెట్టుకుంటున్న కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: ఉన్న కండెన్సర్‌తో, మంచి స్టాండ్‌తో ఒక వారం రాత్రులు గిటార్ చుట్టూ తిరగండి. స్టాండ్ గట్టిది కొనండి, మూడు సెంటీమీటర్లు జారిపోయే స్టాండ్ మీద ఏ పోలికా నిలబడదు.

2ఐ2లో కండెన్సర్లకు కరెంటు పంపే 48 వోల్టుల బటన్ రెండు ఇన్‌పుట్లకూ కలిపి ఒకటే. కండెన్సర్ పక్కన ఎస్‌ఎం57 పెట్టినప్పుడు దానికీ ఆ వోల్టేజ్ వెళ్తుంది. కేబుల్ సరైనదైతే డైనమిక్‌కు ఏమీ కాదు. పాత రిబ్బన్ మైకులతో (లోపల పల్చటి లోహపు పట్టీ ఉండేవి) మాత్రం జాగ్రత్త.

మధ్యలో ఒక సాయంత్రం: ఎలక్ట్రిక్

బావ పాత ఎలక్ట్రిక్ గిటార్, చిన్న ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) తెచ్చాడు. పాటకు వాడం, తెలుసుకుందామని. ఎస్‌ఎం57ను ఆంప్ గుడ్డకు ఆనించినంత దగ్గరగా పెట్టాను. టార్చి వేస్తే స్పీకర్ కోన్, మధ్యలో మూత కనిపించాయి. మూతకు సూటిగా పెడితే పదును, అంచు వైపు జరిపేకొద్దీ మెత్తదనం. మూత అంచు దగ్గర రెండు సెంటీమీటర్లు జరిపితే వచ్చిన మార్పు ఆంప్ ట్రెబుల్ నాబ్ పావు చుట్టు తిప్పినా రాలేదు. ఎలక్ట్రిక్ వాళ్లు ముందు మైక్ జరిపి, ఆ తర్వాతే నాబ్‌లు ముట్టుకోవాలని నా అభిప్రాయం.

ఆదివారం: రెండు మైకులు కలిపితే

పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒకటి, బ్రిడ్జి వైపు కాస్త దూరంగా ఇంకొకటి. విడివిడిగా రెండూ బాగున్నాయి. కలిపితే గిటార్ బోలుగా అయిపోయింది. కారణం లెక్కలో ఉంది. మొదటి మైక్ 30 సెంటీమీటర్లలో, రెండోది 64లో ఉందనుకుందాం. శబ్దం సెకనుకు 343 మీటర్లు నడుస్తుంది, ఆ 34 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను పడుతుంది. ఒక మిల్లీసెకను ఆలస్యమైన ప్రతిని అసలుతో కలిపితే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మొదటి తీగ ఏడో ఫ్రెట్‌లో పలికే బి స్వరం 494 హెర్ట్జ్. పల్లవి చివర బావ అదే స్వరం మీద నిలుస్తాడు, సరిగ్గా అదే సన్నబడింది. దూరపు మైక్ మోత తక్కువ కాబట్టి పూర్తిగా చెరిగిపోదు, కానీ ఫేడర్ (మోత పెంచే మీట) ఎక్కించి దాన్ని సమానం చేసేకొద్దీ గుంట లోతవుతుంది.

పోలారిటీ తిప్పే (అలను తలకిందులు చేసే) బటన్ నొక్కితే గుంటలు 1000, 2000 దగ్గరికి జరిగాయి, పైగా కింది స్వరాలన్నీ పోయాయి. దూరాలు సరిచేయడమే దీనికి మందు. ఎన్‌టీ5 రెండింటినీ తల మీద తల వచ్చేలా 90 డిగ్రీల్లో పెడితే, అంటే ఎక్స్‌వై పద్ధతిలో, రెంటికీ శబ్దం ఒకేసారి చేరుతుంది, గుంటలు రావు. విశాలం తక్కువ. రెంటి మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీలు అన్నది ఫ్రెంచి రేడియోవాళ్ల ఓఆర్‌టీఎఫ్ పద్ధతి, విశాలంగా, హాయిగా వచ్చింది. స్టీరియో ఆలోచనలకు మూలపురుషుడు ఇంగ్లండ్ ఇంజినీర్ అలన్ బ్లమ్‌లీన్. 1931లోనే జంట మైకులతో స్టీరియో తీసే సంగతి పేటెంటుకు రాసి పెట్టాడు. ఇంటి గదిలో స్టాండు బిగించుకుంటున్నప్పుడు ఆ తొంభై ఏళ్ల నాటి కాగితం ఇంకా పనిచేస్తోందని తలుచుకుంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

రెండు మైకులు వాడినప్పుడల్లా ఫోన్ స్పీకర్‌లో, మోనోలో (రెండు వైపులూ ఒకటిగా కలిపి) విని చూడాలి. మన పాటలు ఎక్కువమంది వినేది అక్కడే.

పాటతో కలిపి

మేనకోడలు గొంతు తాత్కాలికంగా రికార్డు చేసి, ఇన్నాళ్ల గిటార్ టేకుల్ని దాని కింద ఒక్కొక్కటే పెట్టి విన్నాం. ఒంటరిగా అన్నిటికన్నా అందంగా ఉన్న ఓఆర్‌టీఎఫ్ స్టీరియో టేకు ఇక్కడ గొంతును చుట్టుముట్టేసింది. పై స్వరాల మెరుపు ఆమె పలికే 'స', 'శ'లతో పోట్లాడింది. పన్నెండో ఫ్రెట్ ముందు ఒకే ఎన్‌టీ5, ముఖం రంధ్రం వైపు కొద్దిగా తిప్పిన టేకు చక్కగా కుదిరింది. గిటార్ గొంతు పక్కన నిలబడింది, మాట ప్రతిదీ వినిపించింది.

రెండో చరణంలో బావ పిక్‌తో గట్టిగా స్ట్రమ్మింగ్ చేస్తాడు. అక్కడ ఎన్‌టీ5లో కింది స్వరాలు గొంతు కిందికి వరదలా వచ్చాయి. దాచి ఉంచిన ఎస్‌ఎం57 టేకు పెట్టాం. కింద సన్నగా, పైన మొద్దుగా ఉండటం ఇప్పుడు మేలైంది. తాళం వినిపిస్తోంది, గొంతుకు చోటు మిగిలింది. ఈక్యూతో ఎన్‌టీ5ను అలాగే కోసి చూశాను, దగ్గరికి వచ్చింది కానీ పిక్ తగిలే చప్పుడు అంత గట్టిగా కుదురుకోలేదు. ఆ చరణానికి ఎస్‌ఎం57నే ఖాయం చేశాం.

గొంతూ గిటారూ ఒకేసారి

చివరి చిక్కు. విడివిడిగా రికార్డు చేస్తే తండ్రీకూతుళ్ల మధ్య ఉన్న ఊపు పోతోంది. పల్లవి చివర ఆమె కాస్త సాగదీస్తుంది, బావ ఆమె ముఖం చూసి ఆగుతాడు. క్లిక్ ట్రాక్ (తాళం కోసం హెడ్‌ఫోన్స్‌లో వినిపించే టిక్ టిక్) పెడితే ఇదంతా చచ్చిపోతుంది. అందుకని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకేసారి తీయాలని నిర్ణయించుకున్నాం.

గిటార్ మైక్ బావను చూస్తుంది, దాని వీపు మేనకోడలి వైపు. గొంతు మైక్ (ఏటీ2020) ఆమెను చూస్తుంది, వీపు గిటార్ వైపు. కార్డియాయిడ్‌కు సరిగ్గా వెనకే అన్నిటికన్నా తక్కువ వినిపించేది. రెండు మైకుల మధ్య దూరానికి వాడుకలో ఉన్న లెక్క, మైక్‌కూ వాద్యానికీ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు. 30 సెంటీమీటర్లకు 90. అలా ఉంటే పక్క మైక్‌లోకి జారే శబ్దం దాదాపు తొమ్మిదిన్నర డీబీ తక్కువగా ఉంటుంది. మా గదిలో మీటరు దాకా కుదిరింది. ఈ లెక్క ఇలా ఇద్దరు వేర్వేరుగా ఉన్నప్పటిది. ఒకే గిటార్ మీద రెండు మైకులు పెట్టేటప్పుడు దీన్ని పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, అక్కడ చెవే దిక్కు.

ఈ మార్పుల తర్వాత గిటార్ మైక్‌ను మళ్లీ గోడకు రెండున్నర అడుగుల గీత మీదికే తెచ్చాను, లేకపోతే ఆ ఐదో తీగ మోత మళ్లీ లేస్తుంది. మేనకోడలు గది మధ్య వైపు కాకుండా ఆ గోడకు దగ్గరగా కూర్చోవాల్సి వచ్చింది. ఆమె వెనక ఇంకో బొంత. రెండో చరణం కోసం ఎస్‌ఎం57కు ఇన్‌పుట్ మిగల్లేదు, ఆ చరణం వరకూ మైక్ మార్చి విడిగా తీసి అతికించాం. కలిపిన చోట పాట ఒక దమ్ము తీసుకుంటుంది కాబట్టి అతుకు వినిపించడం లేదు.

ఇప్పటికి మిక్స్‌లో గిటార్ మీద 60 హెర్ట్జ్ కింద కోత తప్ప ఏమీ లేదు. 80 దగ్గర కోయమని చాలాచోట్ల చెబుతారు, గిటార్ కింది ఇ తీగ 82 హెర్ట్జ్, అక్కడ కోస్తే దాన్ని కూడా గీరేస్తాం. రైళ్ల గుర్రుమనే శబ్దం 60 కోతతోనే చాలావరకు పోయింది. మిగిలిన పని గొంతు మీద. మూడో చరణంలో మేనకోడలు మైక్‌కు కాస్త దగ్గరికి వంగింది, ఆ వంగినప్పుడు ఉబ్బిన కింది స్వరాల్ని వచ్చే వారాంతంలో సరిచేయాలి, లేదా ఆ చరణం ఇద్దరితో మళ్లీ తీయాలి. బావ రెండోదానికే మొగ్గుతున్నాడు.